తిరగేసిన ప్రశ్న

పొద్దున్నే ఆ ఇంట్లో హడావుడంతా ఆరోగ్యం గురించే. హాల్లో ప్లానుగారు బస్కీలు తీస్తుంటారు. వంటింట్లో ఆయన భార్య ఒక పొయ్యి మీద ఆయనకు ఉప్పు లేని కూర, ఇంకో పొయ్యి మీద కూతురికి మామూలు కూర వండుతుంటుంది. తను తినేది రాత్రి మిగిలింది, అదీ నిలబడే. చూడముచ్చటైన సంసారం అనుకుంటాం మనం. అక్కడే పొరబడతాం.

ఫ్యాక్టరీలో పనులకు ప్రణాళికలు వేసే ఉద్యోగం కనుక ఆయనకు ఆ పేరు పడింది. చక్కెర జబ్బు గుమ్మంలోనే ఉందని డాక్టరు భయపెట్టాక, యంత్రాలకు వాడే ఆలోచనా పద్ధతినే తన ఒంటికీ వాడటం మొదలుపెట్టారు. ఒకరోజు భోజనాల దగ్గర పాఠం ఎత్తుకున్నారు.

"బాగుండాలంటే ఏం చెయ్యాలి అని అడక్కూడదు. ప్రశ్నను తిరగెయ్యాలి. ఒళ్లు పాడు చేసుకోవాలంటే ఏం చెయ్యాలి? అవి మానేస్తే చాలు. చెప్పండి చూద్దాం!"

"నిద్ర మానెయ్యాలి," అంది కాలేజీలో చదివే కూతురు.

"మిగిలిపోయినవి తినాలి. నొప్పొస్తే పట్టించుకోకూడదు," ఆయన అందుకున్నారు.

గరిటె పట్టుకుని నిలబడ్డ భార్య పకపకా నవ్వింది. "ఓయమ్మో, ఇవన్నీ నేను చేసేవేగా! పరీక్ష పెడితే నాకే ఫస్టు."

ముగ్గురూ కడుపుబ్బ నవ్వారు. "ఈమధ్య ఎడమ చెయ్యి లాగుతోందండీ," అంది ఆ నవ్వులోనే.

"నువ్వూ రోజూ బరువులెత్తు, అదే పోతుంది," అన్నారాయన. మళ్లీ నవ్వులు. అయ్యా, ఒక ప్రాణం చెప్పుకున్న మాట ఆ నవ్వుల్లో కొట్టుకుపోయింది.

ఆయన బరువు తగ్గారు. చక్కెర దారికొచ్చింది. ఆఫీసులో అందరూ చప్పట్లు కొట్టారు. ఆ వారమే, గుమ్మం దగ్గర ఆయన బూట్లు సర్దుతూ ఆమె అలాగే ఒరిగిపోయింది. మళ్లీ లేవలేదు. గుండె ఎప్పట్నుంచో మొరాయిస్తోందన్నాడు డాక్టరు. "ఆవిడ ఎప్పుడూ చెప్పలేదా?" అని ప్లానుగారిని అడిగాడు. చెప్పింది. నవ్వుతూ చెప్పింది.

తనకు మాలిన ధర్మం, మొదలు చెడ్డ బేరం అంటారు. ఆ మాట తల్లులకు మాత్రం ఎవరూ చెప్పరు.

బంధువులంతా వెళ్లిపోయాక ఒక ఉదయం ఆయన మంచినీళ్ల కోసం వంటింట్లోకి వెళ్లారు. కాలేజీకి టైమవుతోందని కూతురు గబగబా తింటోంది, గిన్నె అడుగున మిగిలింది, నిలబడే. పక్కన పొయ్యి మీద ఉప్పు లేని కూర ఉడుకుతోంది. ఎవరూ చెప్పకుండానే ఆ పిల్ల వాళ్లమ్మ చోటులోకి వచ్చేసింది.

ఆయన గ్లాసు పక్కన పెట్టేశారు. కుర్చీ లాక్కొచ్చి వేశారు. "కూర్చో తల్లీ."

"నీ కూర మాడిపోతుంది నాన్నా."

"మాడనీ. ఇక నుంచి నా కూర నేనే వండుకుంటా."

కూరలోని గరిటె తీసుకుని, ఏడుస్తూనే ఆమెకు పళ్లెంలో ఆ కూరే వేడివేడిగా వడ్డించారు. "ఆ రోజు ఆ ప్రశ్న నా ఒంటికే వేసుకున్నానమ్మా. మీ అమ్మ గురించి అడగలేదు. జవాబు నా ఎదురుగా నిలబడి ఉంటే నవ్వాను. ఒకరి ఒళ్లు అరగదీసి ఇంకొకరు బాగుపడితే, అది ఆరోగ్యం కాదు తల్లీ, దోపిడీ."