పాల డెయిరీలో షుగరు పరీక్ష

చిక్కబళ్ళాపురం ఆస్పత్రిలో కొత్త షుగరు మాత్ర మీద పరిశోధన మొదలైంది. ఆరు నెలల్లో అరవై మంది చేరాలి. నాలుగు నెలలకు చేరింది నలుగురు. వారిలో ఒకాయన ఆస్పత్రి వాచ్‌మన్ బావమరిది.

జనాన్ని చేర్చే పని ప్రతిమది. ఆమె పై అధికారి మోహన్‌కుమార్ బెంగళూరులో ఉంటాడు. జనానికి అవగాహన లేకపోవడమే అసలు రోగమని ఆయన ఏసీ గదిలోంచి కదలకుండానే కనిపెట్టాడు. సముద్రపు ఒడ్డున నవ్వుతున్న తెల్లదొర దంపతుల బొమ్మతో రెండు వేల పోస్టర్లు పంపాడు. బాగేపల్లి బస్టాండులో వాటి మీద వారంలోపే బోర్‌వెల్ ప్రకటనలు వెలిశాయి.

ప్రతిమ గూళూరు దగ్గరి పల్లెకు వెళ్ళి, షుగరుతో ఐదేళ్ళుగా అవస్థపడుతున్న చౌడమ్మనే నేరుగా అడిగింది. "ఎందుకు రాలేదమ్మా?"

చౌడమ్మ ఆవులకు మేత వేస్తూనే చెప్పింది. "రక్తం ఇచ్చేకి పరగడుపున ఎనిమిదికి చిక్కబళ్ళాపురంలో ఉండాల్నంట. మా ఊరికి మొదటి బస్సు వచ్చేదే ఎనిమిదిన్నరకు. మీ సారు ఎప్పుడన్నా పరగడుపున రెండు బస్సులు మారినాడేమో అడుగు. ఇంగ ఆ సంతకం పెట్టమనే కాగితాలు ఇరవై నాలుగు పేజీలుండాయి. బీఏ చదివిన నా కోడలికే అర్థం కాలా. మధ్యలో వద్దనిపిస్తే ఇడుస్తారా?"

"ఎప్పుడైనా మానేయచ్చు. ఆస్పత్రిలో మీ మామూలు మందులు మీకిస్తారు."

"ఆ మాట యాడ రాసినారు?"

"పదిహేడో పేజీలో."

"మొదటే చెప్పింటే ఏం పోయేది తల్లీ?"

నాలుగు నెలలుగా ఆ సంగతి తనకూ తట్టనందుకు ప్రతిమ సిగ్గుపడింది.

రక్తం పల్లెలోనే తీద్దామని ఆమె రాస్తే, మోహన్‌కుమార్ మొబైల్ యాప్ చేయిద్దామని బదులిచ్చాడు. ప్రతిమ పరిశోధన డాక్టరును ఒప్పించి, పరిశోధనల మంచిచెడ్డలు చూసే ఎథిక్స్ కమిటీ అనుమతి తెచ్చుకుంది. పొద్దున ఆరింటికి, అందరూ పాలు పోసే వేళకు, నర్సుతో కలిసి ఆ పల్లె డెయిరీ ముందు కూర్చుంది. కాగితాలన్నీ తెలుగులో చదివి వినిపించింది, పదిహేడో పేజీతో మొదలుపెట్టి. కొందరు విని వద్దన్నారు. వారిని ఎవరూ బలవంతపెట్టలేదు.

"పాలకు ఫ్యాటు, మాకు షుగరు. రెండూ ఈడే చూస్తాండారు," అంది చౌడమ్మ చెయ్యి చాస్తూ.

గడువు ముగిసేలోగా యాభై ముగ్గురు చేరారు. పోస్టర్ల ప్రభావం నిదానంగా కనిపిస్తుందని మోహన్‌కుమార్ మీటింగులో వివరించి చప్పట్లు కొట్టించుకున్నాడు. ఆ ప్రభావాన్ని కళ్ళారా చూడటానికి ఒకరోజు కారులో పది గంటలకు దిగాడు. డెయిరీకి తాళం వేసి ఉంది. బయట ప్రతిమ ఆయన కోసం ఎదురుచూస్తోంది.

"ఆరింటికే అయిపాయనప్పా," అంది అటుగా వెళ్తున్న చౌడమ్మ. "వచ్చినారు కదా, ఒక మాట చెప్పండి. ఆ మాత్ర పనిచేసిందో లేదో మాకూ చెప్తారా?"

ఇన్నేళ్ళ ఉద్యోగంలో ఆయనను ఎవరూ అది అడగలేదు. ఫోను తీసి చూసుకున్నాడు.

"చెప్తామమ్మా," అంది ప్రతిమ. "మంచైనా చెడైనా, నేనే వచ్చి చెప్తాను."

మోహన్‌కుమార్ కాదనలేకపోయాడు.