సరంగు లేని లాంచి

వాంతి అంటే ఎవరికైనా రోతే. కానీ ఎవరో ఒకరు కడగాలి కదా, ఆ ఒకరు నేను. ఊరి చివర ఉన్న ఆటల పార్కులో ఊగే గిన్నెలు, తిరిగే గుర్రాలు, ఒక పాత జెయింట్ వీలు ఉన్నాయి. వాటి కింద రంపపు పొట్టు బకెట్టు, చీపురు, నీళ్ళ గొట్టం పట్టుకుని తిరుగుతుంటాను. పొట్టు చల్లాలి, తడి పీల్చాక ఊడవాలి, ఆ తర్వాత నీళ్ళు కొట్టాలి. ఆ కాసేపూ ముక్కుతో ఊపిరి తీసుకోకూడదు. ఇది ఎవరూ నేర్పరు, పనిలో చేరిన వారంలోనే ముక్కు తనంతట తాను నేర్చుకుంటుంది.

పార్కు యజమానిని మేమందరం వెనకాల 'చూద్దాంలే' అంటాం. గొట్టం చిరిగిందండీ అంటే చూద్దాంలే. చేతి తొడుగులు కావాలండీ అంటే చూద్దాంలే. కొలను కంపు కొడుతోందండీ అన్నా అదే మాట. పార్కు మధ్యలో ఒక కొలను ఉంది. ఒకప్పుడు అందులో తొక్కుడు పడవలు తిరిగేవట. ఇప్పుడు దానిమీద పచ్చటి మీగడ కట్టింది, ఆ మీగడ మీద ఐస్‌క్రీం కప్పులు తేలుతుంటాయి. ఒకసారి అటు చూశానంటే ఆ పూట నాకు తిండి సయించదు.

దేనికైనా చూద్దాంలే అనే ఆ మనిషి ఒకరోజు పనిగట్టుకుని మా ఆయనకి ఫోన్ చేశాడు. మా ఆయన బోర్డులు రాస్తాడు, పార్కులో అక్షరాలన్నీ ఆయన చేతివే. "కొత్తగా లాంచ్ కోస్టర్ తెప్పిస్తున్నాను. గేటు మీద పెద్ద బోర్డు కావాలి, జనం ఆగి చూడాలి," అన్నాడట. బొమ్మ ఎలా ఉండాలండీ అని మా ఆయన అడిగితే, "నీకు తెలియందేముంది, వేసెయ్, తర్వాత చూద్దాంలే," అని ఫోన్ పెట్టేశాడు.

అక్కడే వచ్చింది చిక్కు. మా మామగారు నది మీద లాంచి నడిపేవారు. సరంగు అంటే ఈ దరిలో ఆ దరిలో ఆయనే. వంతెన కట్టాక లాంచీలు పోయాయి, ఆ వెనకే ఆయనా పోయారు. సరంగు కొడుకు చెవికి లాంచ్ అన్నా లాంచి అన్నా ఒకటే. మరి కోస్టర్ ఏమిటయ్యా అని నేను అడగకపోలేదు.

"కోస్టు అంటే ఒడ్డు. కోస్టర్ అంటే ఒడ్డు వెంట తిరిగేది. కొలను బాగుచేయించి లాంచి వేస్తున్నాడన్నమాట," అన్నాడు మా ఆయన.

అంత తెలిసినట్టు చెబితే నమ్మక ఏం చేస్తాను? పైగా ఆ కొలను బాగుపడుతుందంటే నాకంటే సంతోషించేవాళ్ళెవరు?

గేటు మీద గోడంత రేకు. దానిమీద నీలం నీళ్ళు, తెల్ల లాంచి, పొగ గొట్టం, చక్రం పట్టుకుని నిలబడ్డ సరంగు. తలమీద టోపీ. ఆ ముఖం మామగారిది. ఆయన ఫొటో ఒక్కటీ మా ఇంట్లో లేదు, ఏటికి వరదొచ్చిన సంవత్సరం పెట్టెతో సహా అన్నీ కొట్టుకుపోయాయి. ఆ ముఖం గీద్దామని మా ఆయన ఎన్నోసార్లు కూర్చున్నాడు. కుదిరేది కాదు, చింపేసేవాడు. ఈసారి ఏ దయ కలిగిందో కుదిరింది. ఎడమ కన్ను కాస్త చిన్నదిగా, ఎండకి చికిలించినట్టు. కింద ఎర్ర అక్షరాలతో 'త్వరలో లాంచ్ కోస్టర్'.

మా ఇల్లు గేటుకి ఎదురుగానే. మా అత్త కిటికీలోంచి ఆ బొమ్మని చూసింది. తర్వాత కుర్చీని కిటికీ దగ్గరికి లాక్కుంది. అది మొదలు తిండీ నిద్రా తప్ప మిగతా కాలమంతా అక్కడే.

ఊళ్ళో కూడా అదే గోల. వయసు మళ్ళినవాళ్ళు దారిలో నన్ను ఆపి, లాంచి ఎప్పుడమ్మా అని అడిగేవాళ్ళు. మా అత్త అయితే రోజూ వీధి చివరిదాకా నడవడం మొదలుపెట్టింది, మోకాళ్ళు గట్టిపడాలని.

"ఎక్కేటప్పుడు నా చెయ్యి ఎవరూ పట్టుకోకూడదు," అంది నాతో. "సరంగు పెళ్ళాన్ని చెయ్యి పట్టుకుని ఎక్కించారంటే ఆయన పరువేం కాను?"

"సరే అత్తయ్యా, పట్టుకోను."

"ఒక్కసారి చాలే. మళ్ళీ అడగను. ఆ ఊపు ఒక్కసారి కాళ్ళకి తగిలితే చాలు."

ఆ తర్వాత లారీలు వచ్చాయి. వాటిలో లాంచి లేదు. మెలికలు తిరిగిన ఇనప పట్టాలు, స్తంభాలు, సీట్ల వరసలు దిగాయి. వాటితో వచ్చిన మెకానిక్కుని పట్టుకుని ఇదేమిటని అడిగాను.

"ఇది మామూలు రోలర్ కోస్టర్‌లా మెల్లగా పైకెక్కి దిగదక్కా," అన్నాడు. "నిలబడ్డచోటునుంచే ఒక్కసారిగా విసిరేస్తుంది. ఆ విసురునే లాంచ్ అంటారు."

ఇంటికెళ్ళి మా ఆయనకి చెప్పాను. ఇద్దరం కలిసి యజమాని గదికి వెళ్ళాం, తప్పు ఒప్పుకుని బోర్డు మార్చుకుందామని. ఆయన అప్పటికే బోర్డు చూశాడు. తిడతాడనుకుంటే పొట్ట పట్టుకుని నవ్వాడు.

"ఉండనీ. దాన్ని చూసి ముసలాళ్ళు కూడా వస్తామంటున్నారు. లోపలికొచ్చాక పడవా, పట్టాలా అని ఎవరడుగుతారు?"

"వాళ్ళకేమైనా అయితేనండీ?" అన్నాను.

"చూద్దాంలే," అన్నాడు. పళ్ళ సందులో ఇరుక్కున్నదాన్ని గోటితో తీసి, వెలుగులో పెట్టి చూసి, మళ్ళీ నోట్లో వేసుకున్నాడు.

ఎన్ని వాంతులు కడిగానో, ఎప్పుడూ నాకు అలా తిప్పలేదు.

మా అత్తకి నేనే చెప్పాను. మా ఆయన చెప్పాలి నిజానికి, కానీ ఆయన బెల్లం కొట్టిన రాయిలా కూర్చున్నాడు. అది లాంచి కాదత్తయ్యా, మనుషుల్ని గాల్లోకి విసిరే బండి అన్నాను. ఆవిడ నవ్వింది.

"నన్ను తీసుకెళ్ళడం బరువై కథలు చెబుతున్నావు. బొమ్మ వేసింది నా కొడుకు. వాడికి లాంచి తెలీదా?"

"మరి ఆ పట్టాలన్నీ ఏమిటి?"

"లాంచిని ఒడ్డుకి లాగాలంటే పట్టాలుండవూ? నువ్వు ఏరు దాటిన దానివా, నీకేం తెలుసు."

మా ఆయన వంక చూశాను. తల ఎత్తలేదు. నాకు ఆయన మీద కూడా వెగటు పుట్టింది, ఆ మాట దాచడమెందుకు.

పరీక్షలు మొదలయ్యాయి. ముందు ఇసక బస్తాలు కట్టి తిప్పారు. తర్వాత పనివాళ్ళని ఎక్కించారు. దిగినవాడు దిగినట్టే కంచె పట్టుకుని వంగేవాడు. నేను బకెట్టుతో పరిగెత్తేదాన్ని. చూద్దాంలే పక్కనే నిలబడి చేతులు రుద్దుకునేవాడు.

"ఎంతమంది కక్కితే అంత పేరు," అనేవాడు. ఒకరోజు పొట్టు చల్లబోతుంటే నా చెయ్యి పట్టుకుని ఆపాడు. "ఆ ఒక్కటి ఉండనీ. ఫొటో తీసుకుంటాను, ఊళ్ళో అందరికీ పంపాలి."

వంగి, రెండు వైపుల నుంచీ తీసుకున్నాడు. పట్టుకున్న నా మణికట్టుని నేను ఇంటికెళ్ళాక సబ్బుతో రుద్ది రుద్ది కడుక్కున్నాను.

ప్రారంభం రోజు గేటు బయట ఇసకేస్తే రాలనంత జనం. కుర్రకారు అరుపులు, ఉమ్ములు, కాళ్ళకింద నలిగిన పొట్లాలు. కుర్రాళ్ళ మధ్య అక్కడక్కడా పెద్దవాళ్ళు, నీళ్ళమీది చలి గాలి తగులుతుందని శాలువాలు కప్పుకుని, నీళ్ళ సీసాలు పట్టుకుని వచ్చారు. అందరికంటే ముందు మా అత్త. దాచుకున్న మంచి బట్టలు కట్టుకుంది. మా ఆయన కనుచూపు మేరలో లేడు.

చూద్దాంలే ఆవిడని చూడనే చూశాడు.

"మొదటి సీటు పెద్దమ్మకి," అన్నాడు అందరికీ వినిపించేలా.

"ఆవిడ మా అత్తగారండీ. ఆవిడకి తెలీదు, వద్దు," అన్నాను.

"కూర్చోబెట్టి ఒక్క ఫొటో తీసి దించేద్దాం. నువ్వు పక్కకి జరుగు, బకెట్టు ఫొటోలో పడుతోంది."

మా అత్త అరుగెక్కింది. నేను చెయ్యి చాపి, మాట గుర్తొచ్చి వెనక్కి తీసుకున్నాను. కాలు ఎత్తి, సీటు అంచుని ఒక్క క్షణం పాదంతో తడిమి, ఎవరి సాయమూ లేకుండా దిగి కూర్చుంది. పడవలోకి దిగేవాళ్ళు అలాగే దిగుతారట. కడ్డీ వచ్చి ఒడిలో బిగుసుకుంది. ఫొటో తీశారు. ఆవిడ నవ్వుతూనే ఉంది.

తర్వాత ముందుకి చూసింది. పక్కలకి చూసింది. మెకానిక్కుని పిలిచింది.

"సరంగు ఏడి నాయనా?"

"సరంగు ఉండడు పెద్దమ్మా. నేను ఆ గదిలో కూర్చుని మీట నొక్కుతాను, అదే పోతుంది."

"దీంట్లో మాతోపాటు ఎవరూ ఉండరా?"

"ఉండరు."

మా అత్త ఆ గది వైపు చూసింది. వెనకాల జనం విసుక్కుంటున్నారు.

"అందర్నీ ఎక్కించి తను ఒడ్డున కూర్చునేవాడు సరంగేమిటి?" అంది. "దించు నన్ను."

అరుపేమీ లేదు, మామూలుగానే అంది. అయినా వెనక వరసలో శాలువాల వాళ్ళు ఒకరి ముఖాలొకరు చూసుకుని పక్కకి తప్పుకున్నారు. చూద్దాంలే మాత్రం నవ్వుతూ ఫోనులో ఫొటో చూసుకుంటున్నాడు.

మెకానిక్కు కడ్డీ ఎత్తాడు, ఇద్దరం ఇంటికొచ్చేశాం. గుమ్మంలో చెప్పులు విడుస్తూ, "నీళ్ళే లేవే," అంది మా అత్త. అంతే. కుర్చీని కిటికీ దగ్గరనుంచి తీసి గోడ వైపుకి తిప్పుకుంది.

మర్నాడు పొద్దున్నే కబురొచ్చింది. పడవ బొమ్మతో పని అయిపోయిందట, బోర్డుకి తెల్లరంగు కొట్టాలట. దానిమీద మా అత్త ఫొటో పెట్టి 'ఈవిడ ఎక్కింది, మీకు భయమా?' అని రాయాలట. ఎక్కలేదు కదండీ అని మా ఆయన అన్నాడట. కూర్చుంది కదా అన్నాడట ఆ పెద్దమనిషి.

మా ఆయన తెల్లరంగు డబ్బా, నిచ్చెన తీసుకుని బయల్దేరాడు. నేను బకెట్టుతో వెంటే వెళ్ళాను.

"మీ నాన్న ముఖం మీద వేస్తావా?" అని అడిగాను.

"పని కదా," అన్నాడు నా వంక చూడకుండా.

ఆ మాటకి నేను ఉమ్మేశాను. తర్వాత నేనే కడుక్కోవాలి, అయినా ఉమ్మేశాను.

నిచ్చెనెక్కాడు. బ్రష్షు ముంచాడు. ఏ మూలనుంచి మొదలుపెట్టాలో తెలీక పైనుంచి, టోపీ దగ్గరికి చెయ్యి చాపాడు. అప్పుడు వెనక అడుగుల చప్పుడయింది. మా అత్త. రోడ్డు దాటి, గట్టిపడ్డ మోకాళ్ళతో, తిన్నగా నడుచుకుంటూ వచ్చి నిచ్చెన కింద నిలబడింది.

"ఒరేయ్," అంది పైకి చూస్తూ. "తలమీద మొదలుపెట్టకురా. తల తడిస్తే మీ నాన్నకి జలుబు చేస్తుంది."

మా ఆయన చెయ్యి అక్కడే ఆగిపోయింది. బ్రష్షు నుంచి కారిన తెల్లరంగు ఆయన మోచేతిదాకా వచ్చింది. చాలాసేపటికి మెల్లగా దిగాడు. డబ్బాకి మూత పెట్టి, దానిమీదే కూర్చుని, ముఖం చేతుల్లో పెట్టుకున్నాడు. మా అత్త కొడుకు తలమీద చెయ్యి వేసి, బొమ్మనే చూస్తూ నిలబడింది.

లోపల మీట నొక్కారు. బండి విసురు, కేకలు, ఆ వెంటనే ఎవరో కంచె పట్టుకుని వాంతి చేసుకుంటున్న చప్పుడు. చూద్దాంలే గేటులోంచి బయటికొచ్చాడు.

"అక్కడ కడగాలి, ఇక్కడేం చేస్తున్నావు? బోర్డు ఇంకా అలాగే ఉందేమిటి? ఎప్పటికవుతుంది?"

నేను నిచ్చెనని గేటునుంచి తీసి, భుజాన పెట్టుకున్నాను.

"చూద్దాంలే," అన్నాను, అండీ లేకుండా.