గేటు భూతానికి రిలీవరు

ఖరగ్‌పూర్‌లో రైల్వేవాళ్లుండే నిమ్‌పురా తెలుగు రీడింగ్ రూమ్ గోడపత్రికకు సంపాదకురాలిని, విలేకరిని, ఆఖరికి జిగురు పూసి అంటించేదాన్ని కూడా నేనే. నా పేరు స్వర్ణకుమారి. మావాళ్లు నా పత్రికలో చదివేవి రెండే: ఎవరు రిటైరయ్యారు, ఎవరు పోయారు. నా సంపాదకీయం మీద పాన్ ఉమ్మిన ఘనులున్నారు. వాళ్ల మొహాలు నాకింకా గుర్తే. అందుకే తొంభై అయిదులో విల్‌ఫ్రెడ్ దొరికినప్పుడు నా పంట పండిందనుకున్నాను.

విల్‌ఫ్రెడ్ మా చర్చి కుర్రాడు. ఇంజనీరింగ్ కాలేజీ కంప్యూటర్ సెంటర్లో ఉద్యోగం, ప్రేమ్ బజార్‌లో అద్దె గది. డ్యూటీ దిగాక సెంటర్లోనే కూర్చుని ఒక ఆట ఆడేవాడు. బొమ్మలుండవు, తెర మీద అన్నీ అక్షరాలే. ఏయే దేశాలవాళ్లో ఒకేసారి అందులోకి దిగి, ఒకడు మంత్రగాడు, ఒకడు దొంగ, ఒకతె విలుకత్తె అని వేషాలు కట్టి, గుంపుగా తిరుగుతూ కోటలు పడగొడతారు. ఏ పని చెయ్యాలన్నా ఆ మాట టైపు కొట్టాల్సిందే. బొద్దింకను చూస్తే బల్లెక్కే మా విల్‌ఫ్రెడ్ అందులో ఖడ్గవీరుడు.

ఆ లోకం వార్తలు నేను గోడకెక్కించాను. ‘ఉత్తర కోటలో ఉప్పుకు కటకట’, ‘దొంగల సంఘంలో చీలిక’. జనం విరగబడ్డారు. రైల్వే బడ్జెట్ రోజున కూడా ఆ గోడ దగ్గర అంత గుంపు లేదు. టీ కొట్టు నూకయ్య దొంగల పక్షం వహించి, కోట వంతెన మరమ్మతు చేయించరేమని నాకు అభిప్రాయం రాసిచ్చాడు. ఎవరిని అడుగుతున్నాడో ఆయనకే తెలియదు. అయినా వేశాను.

ఇక్కడ మా అక్క కూతురు ఎమిలీ సంగతి చెప్పాలి. మలంచాలో టైపు ఇన్‌స్టిట్యూట్‌లో పాఠాలు చెప్పేది. దాని వేళ్లు కదలడం కనబడదు, చప్పుడే వినబడుతుంది. చర్చిలో పాటలు పాడుతూ పాడుతూ తనూ విల్‌ఫ్రెడూ ఇష్టపడ్డారు. ఈ పెళ్లి జరక్కపోతే ఇంకెవర్నీ చేసుకోనని నా దగ్గర ఏడ్చింది. సరే, సంబంధం నేను మాట్లాడతానన్నాను. కుర్రాడి గొప్ప తెలియాలని, అతను మాటలకు రావలసిన ఆదివారానికి ముందే పెద్దక్షరాలతో వేశాను: ‘గేటు భూతాన్ని నాలుగోసారి చంపిన మన విల్‌ఫ్రెడ్’.

ఎమిలీ తండ్రి జ్ఞానరత్నం బావ రైల్వే గేట్‌మ్యాన్‌గా చేరి, యూనియన్‌లో ఎదిగి, రిటైరైన మనిషి. ఆ వార్త ఆయన రెండుసార్లు చదివాడట. ఆదివారం మా అక్క టీ పట్టుకొచ్చేలోపే పెళ్లికొడుకుని నిలదీశాడు. ఆ భూతాన్ని ఎందుకు చంపావు? గేటు కాస్తుంది కాబట్టి, చంపినప్పుడల్లా ఒక తాళంచెవి చొప్పున అయిదు దొరికితే ఆటలో ఆఖరి మెట్టు ఎక్కవచ్చు కాబట్టి, అన్నాడు విల్‌ఫ్రెడ్. చచ్చాక ఏమవుతుంది? అరగంటలో లేచి మళ్లీ అక్కడే నిలబడుతుంది.

“సచ్చినా లీవు లేదన్నమాట,” అన్నాడు బావ. “ఆడి డ్యూటీ అందుకోడానికి రిలీవరున్నాడా?”

“అది మనిషి కాదండీ, భూతం.”

“గేటు కాడ నిలబడినోడు ఎవుడైతే ఏటి? ఎమిలీ పుట్టినపూట నాకు రిలీవరు రాలేదు. గేటు కాడికి ఆసుపత్రి కనబడతానే ఉంది, ఎల్లనేకపోయినాను. పిల్ల మొకం మర్నాడు సూసినాను. డ్యూటీలో ఉన్నోడిని కొట్టినోడికి నా పిల్లనియ్యను.”

విల్‌ఫ్రెడ్ టీ తాగకుండానే లేచిపోయాడు. ఎమిలీ నాతో మాట్లాడటం మానేసింది. నాకు తల కొట్టేసినట్టయింది, ఒళ్లు కూడా మండింది. భూతం పేరు చెప్పి బంగారంలాంటి సంబంధం చెడగొట్టే తండ్రి ఖరగ్‌పూర్ మొత్తంలో మా ఇంట్లోనే ఉండాలా? కానీ బావ మీద కేకలేస్తే లాభం లేదని నాకు తెలుసు. ఆయనకు మీటింగొక్కటే మందు. పెట్టించాను.

రిటైరైనవాళ్లంతా రీడింగ్ రూమ్‌లో కూర్చుని తీర్మానం చేశారు. గేటు భూతానికి ఎనిమిది గంటల డ్యూటీ, ఒక రిలీవరు, చనిపోయిన ప్రతిసారీ రెస్టు ఇవ్వాలి. దొంగల పక్షం నూకయ్య కూడా చేతులెత్తాడు, అదీ రెండూ. విల్‌ఫ్రెడ్ దాన్ని బావ పేరుతో ఇంగ్లీషులో పెట్టి, ఆట నడిపేవాళ్లకు కంప్యూటర్లోనే పంపాడు. వాళ్లెక్కడో విదేశంలో కాలేజీ పిల్లలు. నవ్వి ఊరుకుంటారనే అనుకున్నాం.

నవ్వారట. నవ్వి, అడిగినవన్నీ ఇచ్చేశారు. మర్నాటి నుంచీ పూటకోసారి భూతం టీకి పోతోంది. దాని బదులు గేటు దగ్గర, చేతిలో ఎర్రజెండాతో, రిలీవరు. పేరు జ్ఞానరత్నం.

ఆ వార్త అంటించిన రోజు బావ చొక్కా ఇస్త్రీ చేయించుకుని వచ్చి గోడ పక్కన నిలబడ్డాడు. ఏయే దేశాలవాళ్లో తన పేరు చదువుతున్నారని ఉప్పొంగిపోయాడు. వాళ్లు చదివాక చంపుతున్నారని చెబితే, ఉద్యోగమన్నాక తప్పదన్నాడు. అదే ఊపులో పెళ్లికి ఒప్పుకున్నాడు, ఒక్క షరతు మీద: అల్లుడు గేటు మీద చెయ్యి వెయ్యకూడదు. విల్‌ఫ్రెడ్ సరేనన్నాడు. ఆఖరి మెట్టుకు ఒక్క తాళంచెవి దూరంలో అతని ఆట ఆగిపోయింది. పెళ్లి బ్రహ్మాండంగా జరిగింది.

పెళ్లయ్యాక ఒక సెలవు మధ్యాహ్నం ఎమిలీ మొగుడి వెంట కంప్యూటర్ సెంటర్‌కు వెళ్లింది. విల్‌ఫ్రెడ్ యథాప్రకారం గేటు దాకా వెళ్లి, రిలీవరుకు దండం పెట్టి నిలబడ్డాడు. రెండు వేళ్లతో టైపు కొట్టే మనిషి, నాలుగుసార్లు ఎలా గెలిచాడో ఏమో. షరతు అల్లుడికే గాని కూతురికి లేదు కదా అని ఎమిలీ కుర్చీ లాక్కుంది. అదెంత వేగంగా కొట్టిందో, తెర మీద వరసగా కత్తివేట్లు పడ్డాయట. జ్ఞానరత్నం కూలాడు. అయిదో తాళంచెవి ఎమిలీది.

దాచిపెడితే నేను విలేకరినెలా అవుతాను? ‘తండ్రిని పడగొట్టి కోట తెరిచిన ఎమిలీ’ అని వేశాను. బావ వచ్చాడు. కళ్లజోడు పెట్టుకుని మొత్తం చదివాడు. ఆయన నా వైపు తిరిగాడు.

“నాను పడిపోయినాక గేటు కాడికి ఎవులొచ్చినారు?”

“భూతం వచ్చింది బావా. టైముకే వచ్చిందట.”

“అయితే ఠీక్ హై,” అన్నాడు కళ్లజోడు తీస్తూ. “నా డ్యూటీ అయిపోయినట్టే.”