చలికి నడిచిన బంగళా

ట్రెవానెక్ ఎస్టేటులో ఏటా మార్చి ఇరవై ఐదున, లేడీ డే నాడు, రెండు పనులు జరిగేవి. కౌళ్లూ కొలువులూ మరో ఏడాదికి ఖాయం చేసేవారు. బంగళా ఎంత జరిగిందో కొలిచి తోట పుస్తకంలో రాసేవారు.

నూట ఎనభై ఏళ్లుగా ఆ రాతి బంగళా తోటలోకి నడుస్తూనే ఉంది. దానికి దారివ్వడానికి గులాబీ మళ్లు మార్చారు, కలువల కొలను పూడ్చారు, ఇటుక గోడ విప్పి అవతల కట్టారు. 1919 అక్టోబరు నాటికి దానికీ ఫెర్న్ మొక్కల గాజు ఇంటికీ మధ్య మిగిలింది అడుగున్నర.

గాజు ఇల్లు పడగొట్టేద్దామన్నాడు యజమాని సర్ హంఫ్రీ. కుదరదంది థామసిన్ జాగో. యుద్ధానికి మగవాళ్లు వెళ్లినప్పుడు తోట పెద్ద పని ఆమె చేతికొచ్చింది. తిరిగొచ్చిన ఇద్దరూ ఆమె చెప్పినట్టే చేసేవారు.

"లేడీ డే దాకా ఆగండి సార్. బంగళా గాజును తాకితే నేనే వెళ్లిపోతాను."

"కొలువుతో పాటు నువ్వుండే కాటేజీ కూడా పోతుంది, తెలుసుగా?"

తెలుసంది. ఆయన ఆ ముక్క కాగితం మీద పెట్టించాడు.

రెండు ఆదివారాలు చర్చి నుంచి రాగానే థామసిన్ పాత తోట పుస్తకాలు ముందేసుకుని కూర్చుంది. బంగళాలో పెళ్లిళ్లూ పురుళ్లూ జరిగి పొయ్యిలు మండిన ఏళ్లలో అది అంగుళం కూడా కదల్లేదు. యజమానులు లండన్‌లో ఉండిపోయిన ఏళ్లలోనే అడుగులేసింది. గాజు ఇంటిని వెచ్చబెట్టే బాయిలర్ కట్టిన దగ్గర్నుంచి తిన్నగా అటే పోతోంది. బంగళాకి చలేస్తోందని సర్ హంఫ్రీకి చెప్పింది.

ఆయన నవ్వాడు. ఆ వంశంలో పడకగదిలో నిప్పు రాజేస్తే ఎవరో చావుబతుకుల్లో ఉన్నట్టు. జనవరిలో కిటికీలు తెరుచుకుని పడుకోవడం మర్యాద.

"చలి మనిషిని నిలబెడుతుంది థామసిన్."

"మనిషిని నిలబెడుతుందేమో సార్, ఇంటిని నడిపిస్తోంది."

బంగళాలో ఒక్క పొయ్యీ వెలిగించడానికి వీల్లేదని చెప్పి ఆయన లండన్ వెళ్లిపోయాడు.

థామసిన్ గాజు ఇంటికి బంగళా వైపున మూడు వరసల గడ్డిచాపలు కట్టించింది. వేడి మొక్కల దగ్గరే ఉండిపోయింది, బయటికి పొక్కలేదు. ఆమె కాటేజీ బంగళా వంటింటి గోడకి పది అడుగుల దూరంలో, గాజు ఇంటికి ఎదురు పక్కన ఉంది. అందులో రెండు పొయ్యిలూ రాజేసి, తలుపులు బార్లా తీసిపెట్టింది. తోటలో నరికిన కొమ్మలన్నీ వాటికే పోయాయి.

బట్టలుతికే గ్వెన్నా ఆ దారిన పోతూ ఆగింది.

"ఊరందర్నీ వెచ్చబెడుతున్నావా ఏంటే?"

"ఊరిని కాదు, పక్కింటిని."

డిసెంబరు నాటికి అడుగున్నర కాస్తా జానెడైంది. సామాను సర్దుకుంటుందని గ్వెన్నా నాలుగు చెక్కపెట్టెలు తెచ్చిచ్చింది. థామసిన్ వాటిని చీల్చి పొయ్యిలో పెట్టింది. జనవరిలో ఆ జానెడు జానెడుగానే ఉంది. ఫిబ్రవరిలో బంగళా కాటేజీ పక్కకి తిరిగింది.

లేడీ డే నాడు సర్ హంఫ్రీ, ఎస్టేటు మేనేజరు ఆడ్జర్స్ టేపు పట్టుకుని వచ్చారు. గాజు ఇంటి అద్దం ఒక్కటీ బీటలివ్వలేదు. కాటేజీ పక్కన టేపుతో పనే లేకపోయింది. బంగళా వంటింటి గోడ కాటేజీ గోడకి ఆనుకుని ఉంది. బంగళా వెనక తలుపు తెరిస్తే నేరుగా థామసిన్ పొయ్యి ముందుకొస్తున్నారు.

సర్ హంఫ్రీ ఆ కాగితం మళ్లీ చదువుకున్నాడు. తాకితే వెళ్లాలనే ఉంది, తాకకపోతే ఉండొచ్చని ఎక్కడా లేదన్నాడు. ఆమె ఏడాది గడువు ఇవాళ్టితో సరి. తోట పని బావమరిదికి ఇస్తానని మాటిచ్చేశానన్నాడు.

థామసిన్ పొయ్యిలోకి ఇంకో కొమ్మ తోసింది.

ఆడ్జర్స్ గోడ మీద చెయ్యి వేసి చూశాడు. గోరువెచ్చగా ఉంది.

"ఈవిడ వెళ్తే ఈ పొయ్యి ఆరుతుంది సార్. అప్పుడు బంగళా మళ్లీ బయల్దేరుతుంది. ఇప్పుడు దాని మొహం సముద్రం వైపుంది."

సర్ హంఫ్రీ కిటికీలోంచి, సముద్రం మీదికి వాలిన కొండ అంచు కేసి చూశాడు. తర్వాత కొలువు ఎన్నేళ్లకి రాయమంటావని ఆమెనే అడిగాడు.

"నేను పొయ్యి వెలిగించినన్నాళ్లు."

ఆడ్జర్స్ రాయడం మొదలుపెట్టాడు. సర్ హంఫ్రీ చేతి తొడుగులు తీసి, ఎవరూ చూడటం లేదనుకుని, పొయ్యికి దగ్గరగా జరిగాడు.