పద్నాలుగో నిమిషం

రూబీ అడిగింది చిన్న పనే. పాస్టరు పాల్ అయ్యగారి దగ్గరకు వెళ్ళి ఒక్క మాట చెప్పి రావాలి. డేవిడ్‌రాజు సరేనన్నాడు. వెళ్ళాడు కూడా. మాట మాత్రం చెప్పలేదు.

గరివిడి ఫ్యాక్టరీలో ఫర్నేసు దగ్గర ఇరవై రెండేళ్ళుగా పనిచేస్తున్న మనిషి. మొదటినుంచీ మాటలు తక్కువ. భార్య లీలారాణి పోయాక అవీ తగ్గాయి. వచ్చే శనివారానికి ఆమె పోయి ఏడాది. సంఘంలో జ్ఞాపకార్థ కూడిక పెట్టుకున్నారు. కీర్తనలు, వాక్యం, ఇంటివాళ్ళ సాక్ష్యం, ప్రార్థన, ఆపైన భోజనాలు. సాక్ష్యం తను చెప్పలేనని, దానికి బదులు కీబోర్డు వాయిస్తానని అంది పంతొమ్మిదేళ్ళ రూబీ. వాయించేది కీర్తన కాదు.

ఇంగ్లాండులో నలుగురు ముసలివాళ్ళున్నారు. రాక్ బ్యాండు. దాని పేరు డేవిడ్‌రాజుకు నోరు తిరగదు. నలభై అయిదేళ్ళుగా ఆ నలుగురే వాయిస్తున్నారట. ఫోన్లోకి నెట్టు చవగ్గా వచ్చిన ఏడాది రూబీ వాళ్ళను పట్టుకుంది, మళ్ళీ వదల్లేదు. వాళ్ళ పాట ఒక్కోటి పావుగంట, అరగంట. అందులో మాటలు పదో పరకో ఉంటాయి. మామూలు పాటలా నాలుగు లెక్కకు నడవదు, ఏడుకు నడుస్తుంది. చప్పట్లు కొడదామంటే చెయ్యి తప్పుతుంది. సంఘంలో డ్రమ్ము కొట్టే కుర్రాడు రెండు రోజులు ప్రయత్నించి, ఇది పాట కాదు లెక్కల పరీక్ష అని దణ్ణం పెట్టేశాడు. రూబీ మాత్రం ఏడాది పట్టి, చెవితో విని, ఇరవై మూడు నిమిషాల పాటొకటి వేళ్ళలోకి దించుకుంది.

ఆ పాట పద్నాలుగో నిమిషంలో ఆగిపోతుంది. ఉరుములా నడుస్తున్నది ఉన్నట్టుండి ఆగుతుంది. ముప్ఫై అంకెలు లెక్కపెట్టేంతసేపు ఏమీ ఉండదు. అప్పుడు ఒక్క స్వరంతో మళ్ళీ మొదలై, తొమ్మిది నిమిషాలు మెల్లగా సాగి ముగుస్తుంది. రూబీకి ఆ బ్యాండులో అన్నిటికన్నా ఇష్టమైనది ఆ ఆగడమే. వాళ్ళు జుట్టు నల్లగా ఉన్న రోజుల్లో వాయించిన వీడియో ఒకటుంది. అందులో పాట ఆగగానే జనం ఈలలు వేస్తారు, లేస్తారు. మొన్నమొన్న వాయించినది ఇంకొకటుంది. నలుగురూ తెల్లబడిపోయారు. డ్రమ్ములాయన చేతులు వణుకుతుంటాయి. పాట ఆగగానే కర్రలు రెండూ మోకాళ్ళ మీద పెట్టుకుని కూర్చుంటాడు. ఎదురుగా వేలమంది, వాళ్ళూ ముసలైపోయినవాళ్ళే, ఒక్క దగ్గు కూడా వినిపించదు. రూబీ ఈ రెండూ తల్లికి పక్కపక్కన చూపించి, వాయించడం అందరికీ వస్తాది, ఆగడానికి గుండె కావాల అని చెప్పేది.

తల్లికే చెప్పేది. తండ్రి గోడ ఇవతలనుంచి విన్నాడు.

లీలారాణి గుండెజబ్బుతో ఎనిమిది నెలలు మంచం మీద ఉంది. పోయిన రోజున డేవిడ్‌రాజు డ్యూటీలో ఉన్నాడు. నిజానికి ఆ రోజు అతని డ్యూటీ కాదు. తోటివాడు అడిగితే మార్చుకున్నాడు. సాయంత్రం వచ్చేసరికి ఆమె చల్లబడి ఉంది. పక్కన రూబీ, చెవిలో ఇయర్‌ఫోను వైరు. సమాధి దగ్గర పదిమందీ వింటుండగా, తల్లి పిలిచి పిలిచి పోయిందని, నీ చెవుల్లో ఆ రొద పెట్టుకుని నువ్వు వినలేదని అన్నాడు. అమ్మ సెవిలో కూడా ఒకటున్నాది నాన్నా అంది రూబీ. తప్పించుకోడానికి అబద్ధమాడుతోంది అనుకున్నాడు. ఆ తర్వాత ఆ ఊసు ఇద్దరూ ఎత్తలేదు. కూర, ఉప్పు, కరెంటు బిల్లు, ఈ మాటలతోనే ఏడాది గడిచింది.

అందుకే బుధవారం రూబీ వచ్చి ఎదురుగా నిలబడితే అతనికి ఆశ్చర్యమైంది.

“పాట మధ్యలో ఆగిపోతాది నాన్నా. అయిపోనాదనుకుని అయ్యగారు ప్రార్థన మొదలెట్టీగలరు. ముందే సెప్పీ. అమ్మ ఎప్పుడూ ఆ ఆగినకాడికే నిద్దరోయేది. తర్వాతేటి, తర్వాతేటి అని అడిగేది గాని మిగతాది ఒక్కపాలీ వినలేదు. ఆవిడ పేరుమీద ఒక్కపాలి మొత్తం వాయించాల.”

అతను వెళ్ళాడు. అయ్యగారు వరండాలో కూర్చుని ఉన్నారు. వంటకు ఎంతమంది, కోడి ఎన్ని కేజీలు, షామియానా ఏ వైపు అని అడిగారు. అన్నిటికీ జవాబు చెప్పాడు. పాట ఒకటి ఉంటుందని చెప్పాడు. ఆగుతుందన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. ఆ పాట వింటూనే కదా ఈ పిల్ల నా పెళ్ళాన్ని పోగొట్టింది, తెగితే తెగనీ అనుకున్నాడు. లేచి వచ్చేశాడు.

“సెప్పినావా?”

“సెప్పీసినాను.”

శుక్రవారం పొద్దున్న పక్కింటి దేముడమ్మను భోజనానికి పిలవడానికి వెళ్ళాడు. లీలారాణికి ఆఖరి స్నానం పోసింది ఆవిడే. చేటలో బియ్యం చెరుగుతూ, రూబీ వాయించేది వాళ్ళమ్మ వినే పాటేనా అని అడిగింది. అవునన్నాడు.

“వినేది బాబూ. ఆ రబ్బరు ముక్క సెవిలోనే ఉండిపోనాది. నీల్లు పోసినప్పుడు నేనే తీసినాను.”

“ఏ సెవి?” అన్నాడు.

“ఎడం సెవి. ఏటలా అడుగుతన్నావు?”

ఏమీ లేదని చెప్పి ఇంటికొచ్చాడు. కుర్చీలో కూర్చున్నాడు. రూబీ అబద్ధమాడలేదు. తల్లి పిలవలేదు. పాట వింటూ, ఎప్పటిలాగే, నిద్రలోకి పోయింది. ఇవన్నీ వరసగా అర్థమయ్యాయి. ఏడుపు వస్తుందేమోనని కాసేపు చూశాడు, రాలేదు. కోపం దిగుతుందనుకున్నాడు, అదీ దిగలేదు. ఏడాదిగా కూతురి మీద పెట్టిన బరువును అక్కణ్ణుంచి తీస్తే పెట్టుకోడానికి ఇంకో చోటుండాలి. ఆ ఇంట్లో ఇంకెవరున్నారు? ఆ రోజు పొద్దున్న లీలారాణి ఈయాల డ్యూటీ మానీ అంది. అతను టిఫిను క్యారేజీ తీసుకుని వెళ్ళిపోయాడు.

అయ్యగారి ఇల్లు అయిదు నిమిషాల నడక. రోజంతా ఖాళీయే. వెళ్ళలేదు. తెల్లచొక్కా ఇస్త్రీ చేసుకున్నాడు.

శనివారం గుడి నిండింది. వాక్యం అయ్యాక రూబీ కీబోర్డు ముందుకొచ్చి మైకులో రెండు ముక్కలు చెప్పింది. ఈ పాట కట్టినవాళ్ళు మన దేవుణ్ణి నమ్మినవాళ్ళో కాదో నాకు తెలీదు, మా అమ్మ మంచాన ఉన్నన్నాళ్ళూ రోజూ మా ఇంటికొచ్చినవాళ్ళు మాత్రం వీళ్ళే, అంది. ముందు వరసలో పెద్దవాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఆమె వాయించడం మొదలుపెట్టింది.

జనం మొదట్లో అది ఏ కీర్తనో పోల్చుకోవాలని చూశారు. తర్వాత ఆ ప్రయత్నం మానేశారు. ముసలమ్మలు కరపత్రాలతో విసురుకున్నారు. పిల్లలు కిటికీలెక్కారు. డేవిడ్‌రాజు కదలకుండా కూర్చున్నాడు. ఏ మలుపు ఎక్కడొస్తుందో అతనికి తెలుసు. ఏడాదిగా గోడ ఇవతల పడుకుని, వద్దనుకుంటూనే, అంతా విన్నాడు. ఆ గుడిలో రూబీ తర్వాత ఆ పాటను ఎరిగిన మనిషి తనొక్కడే.

పద్నాలుగో నిమిషంలో పాట ఆగింది.

ఒకటి, రెండు, మూడు అని లోపల లెక్క తనంతట తనే మొదలైంది. ఫ్యాను చప్పుడు వినిపించింది. పదికి ఎవరో దగ్గారు. పన్నెండుకి పాల్ అయ్యగారు లేచి రెండు చేతులూ ఎత్తారు.

“ప్రార్థన చేసుకుందాం.”

బెంచీలు కిర్రుమన్నాయి. అందరూ లేచారు. రూబీ చేతులు కీబోర్డు మెట్ల మీద గాలిలోనే ఉన్నాయి. ఆమె అయ్యగారి వైపు చూడలేదు. తండ్రి వైపు చూసింది. ఇంకా ఉన్నాది అయ్యగారూ అని అతనొక్క మాటంటే చాలు. అందరూ కూర్చుంటారు. డేవిడ్‌రాజు కూడా లేచాడు. తల వంచుకున్నాడు. ముప్ఫై వచ్చింది, దాటింది. అయ్యగారు లీలారాణి విశ్వాసం కోసం, బిడ్డకిచ్చిన తలాంతు కోసం, సిద్ధపరచిన ఆహారం కోసం దేవుణ్ణి స్తుతించారు. ఆమేన్ అందరితోపాటు అతనూ అన్నాడు.

జనం షామియానా కిందికి వెళ్ళిపోయారు. రూబీ వైరు చుట్టుకుంటోంది. దగ్గరకెళ్ళి నిలబడ్డాడు.

“సెప్పలేదు నేను,” అన్నాడు.

“తెల్సింది. అయ్యగారు ఇప్పుడే అడిగినారు, ఇంకా ఉన్నాదా అమ్మా, మీ నాన్న సెప్పలేదే అని.”

ఆమె గొంతులో కోపం లేదు. ఉంటే బాగుండునని అతనికి అనిపించింది. ఏదో ఒకటి ఇవ్వాలన్నట్టు, దేముడమ్మ చెప్పిందని, ఆ రబ్బరు ముక్క సంగతి తెలిసిందని అన్నాడు.

“ఎప్పుడు సెప్పింది?”

“నిన్న.”

“నిన్న ఎప్పుడు?”

“పొద్దున్న.”

రూబీ వైరు చుట్టడం ఆపింది. నిన్న పొద్దున్నకీ ఇప్పటికీ మధ్య ఎంతసేపుందో లెక్క వేసుకున్నట్టు కాసేపు అలాగే ఉంది. తర్వాత వైరు మిగతాది చుట్టి ముడి వేసింది.

“మిగతాది ఇప్పుడు వాయించు. నేను వింటాను,” అన్నాడు.

“నీకోసం కాదు నాన్నా అది.”

కీబోర్డుకు గుడ్డ కప్పి, పక్కనున్న మంచినీళ్ళ జగ్గు తీసుకుని ఆమె బయటికి వెళ్ళింది. షామియానా కింద ఎవరో, ఇంటాయనేడి, పెద్దోల్లకి ఇంటాయనే వడ్డించాల అని కేక వేస్తున్నారు. డేవిడ్‌రాజు వెళ్ళాడు. పప్పుచారు బకెట్టు ఎవరో చేతికిచ్చారు. వరసలో మొదటి ఆకు దగ్గర వంగి గరిటె ముంచాడు.