యోన్‌సిల్ దాచిన వెనిగర్ కూజా

పక్షవాతం నుంచి లేచిన మామగారికి వైద్యుడు ఉప్పు మాన్పించిన నాటినుంచి ఆ ఇంట పొయ్యిగట్టు మీది వెనిగర్ కూజాకు ప్రాభవం పెరిగింది. అత్తగారు కన్నుమూస్తూ పెద్దకోడలు యోన్‌సిల్ చేతిలో పెట్టిన కూజా అది. మూతికి పైన్ ఆకుల కుచ్చు దోపి, బియ్యపు కల్లు పోస్తూ, నిత్యాగ్నిని కాచే ఇల్లాలిలా ఆమె దాన్ని కాచుకునేది. తెల్లవారగానే కూజాను ఊపి, "పుల్లమ్మా, పుల్లమ్మా, నాతోనే ఉండవే" అని వేడుకోవడం అత్తగారు నేర్పిన ఆచారం. ఆ వెనిగర్‌లో నువ్వులనూనె, దంచిన వెల్లుల్లి, చిటికెడు మిరపపొడి గిలక్కొట్టి పచ్చి ఆకుకూరల మీద పోస్తే తప్ప మామగారు ముద్ద ముట్టరు.

అందుకే చిన్నకోడలు మ్యోంగ్‌హీ క్వాంగ్జు పట్నం నుంచి వచ్చి సగం అడిగినప్పుడు యోన్‌సిల్‌కు ఒళ్ళు మండింది.

"చలికాలం మావయ్యను మా ఇంట్లో ఉంచుకుంటానక్కా. ఈ పొయ్యి పొగకు దగ్గి చస్తున్నారు. సగం వెనిగర్ పోసివ్వు."

"వెనిగర్ వెంట మావయ్య, మావయ్య వెంట ఊళ్ళో మంచిపేరు! ఎంత ముందుచూపే నీది!"

"పేరు నువ్వే ఉంచుకో. ఆయన ఊపిరి సంగతి చూడు."

"అత్తయ్య మంచాన పడ్డప్పుడు ఈ ప్రేమంతా ఎక్కడ దాచావు తల్లీ?"

మళ్ళీ వస్తానని చెప్పి మ్యోంగ్‌హీ బస్సెక్కింది. యోన్‌సిల్ వాడకానికి ఒక సీసాడు వెనిగర్ తీసి, కూజాను తాజా కల్లుతో మెడదాకా నింపి, ఆకుల కుచ్చు పీకి, చెక్కబిరడా దిగ్గొట్టి, మైనం పూసి, కొట్టుగదిలో బియ్యపు గాదె వెనక దాచింది. గాలి తగలనిదే ఆ పులుపు బతకదని ఆమెకు తెలియదా? తెలుసు. తోడికోడలి చెయ్యి తగలకూడదన్న పంతం ముందు ఆ ఎరుక తలవంచింది.

సీసా అడుగంటాక కూజా తెరిచింది. బిరడా ఎగిరిపడి కుళ్ళుకంపు గుప్పుమంది. గత్యంతరం లేక అంగడి వెనిగర్ కలిపితే మామగారు గిన్నె తోసేసి, "పందికి పెట్టు," అన్నారు.

మర్నాడు మళ్ళీ వచ్చిన మ్యోంగ్‌హీ, వాకిట్లో పడున్న మైనపు బిరడా చూస్తూ గుమ్మంలోనే ముక్కు మూసుకుంది. "ఎవరు పోయారక్కా ఇంట్లో?"

"నోరు మూసుకో."

"కూజా నోరు మూసి చూశావుగా, ఏమైందో!"

ఆమె సంచిలోంచి ఆకుల కుచ్చు దోపిన సీసా తీసింది. యోన్‌సిల్ కళ్ళు ఎర్రబడ్డాయి.

"ఎక్కడిదే అది?"

"అత్తయ్య పోయిన రోజున, నువ్వు ఏడుపులో ఉండగా కూజాలోంచి వంచుకున్నా. చాలదేమోననే మొన్న నిన్నడిగా."

సీసా లాక్కుని నేలకేసి కొట్టాలనిపించింది. కాని లోపల ముసలాయన నిన్నటినుంచి పస్తున్నారు. యోన్‌సిల్ గిన్నె చాచింది.

"ఇందులో పొయ్యి."

"అలా కాదు. అడుగు."

"కాస్త పొయ్యి, చెల్లీ."

మామగారు గిన్నె ఊడ్చి తిన్నారు. "ఇదీ రుచంటే! పెద్దదాని చేతి మహిమ ఎక్కడికి పోతుంది?"

మ్యోంగ్‌హీ కన్నార్పక తోడికోడలినే చూస్తోంది. నిజం ఒప్పుకుంటే మామగారు దక్కరు. ఒప్పుకోకుంటే మళ్ళీ పూటకు వెనిగర్ దక్కదు.

"అది మీ చిన్నకోడలిది మావయ్యా," అంది యోన్‌సిల్. "నా కూజాలోంచి దొంగిలించింది."

"దొంగిలించబట్టే ఆ పులుపు బతికింది," అంది మ్యోంగ్‌హీ.

ముసలాయన ఇద్దరినీ మార్చి మార్చి చూశారు. "ఈ దొంగ ఏ బస్సుకు వెళుతోందో కనుక్కో," అన్నారు. "నా కోటు తే."

యోన్‌సిల్ కోటు తెచ్చి ఆయన ఒళ్ళో పడేసింది.

"నీకూ కాస్త వంచిపెట్టనా అక్కా?" అంది మ్యోంగ్‌హీ, సీసా సంచిలో సర్దుకుంటూ.

"అక్కర్లేదు. ఇక కదులు, బస్సు దాటిపోతుంది."