మాట వినని రెప్పలు

ఆ వీధిలో అందరూ ఆమెను దారమక్క అనే పిలిచేవారు. పళ్ళ ఆసుపత్రి మెట్ల కింద, రెండు కుర్చీలు పట్టే బ్యూటీ పార్లరు ఆమెది. జుట్టు కత్తిరించడం, తల రుద్దడం, ముఖాలకు పూతలు పూయడం చెల్లెలు చూసుకునేది. కనుబొమలు మాత్రం అక్కవే. దారం ఒక కొస పళ్ళ మధ్య బిగించి, మిగతాది వేళ్ళకు మెలేసి, కుర్చీలో వెనక్కి వాలిన మనిషి నుదుటి మీద చకచకా ఆడిస్తే రెండు నిమిషాల్లో కనుబొమ గీత గీసినట్టు తేలేది. ఇరవై రెండేళ్ళుగా అదే పని. రెండు బస్సులు మారి వచ్చేవాళ్ళు కూడా ఉండేవారు. "నువ్వు తీస్తుంటే నిద్రొస్తుంది దారమక్కా" అని ఎవరైనా అంటే, నోట్లో దారం ఉంది కాబట్టి ముక్కుతోనే "ఊఁ" అనేది.

ఆమెకు యాభై దాటిన ఏడాది ఎండాకాలంలో కళ్ళు టపటపా కొట్టుకోవడం మొదలైంది.

"ఎడమ కన్ను అదిరితే ఆడవాళ్ళకి మంచిదంటారక్కా" అంది చెల్లెలు.

"రెండూ అదురుతున్నాయే!"

"అయితే మంచీ చెడూ ఒకే బస్సులో దిగుతాయేమో."

ఇద్దరూ పగలబడి నవ్వుకున్నారు. ఆ నవ్వు నెల రోజులు కూడా నిలవలేదు. కళ్ళ డాక్టరు లైటు వేసి చూసి, కళ్ళు పొడిబారాయని చుక్కల మందు రాశాడు. మూడు సీసాలు అయిపోయాయి. నల్లద్దాలు పెట్టుకోమన్నాడు. పెట్టుకుంది. ఈలోగా కొట్టుకోవడం కాస్తా బిగుసుకోవడం అయింది. సబ్బు నురగ పడితే కళ్ళు ఎలా గట్టిగా మూసుకుపోతాయో అలా మూసుకుపోయేవి. మూసుకున్నాక ఆమె చేతిలో ఏమీ ఉండేది కాదు. తెరుద్దామని నుదురంతా పైకి ముడిచినా రెప్పలు కదిలేవి కావు. వేళ్ళతో పట్టి పైకి లాగాల్సి వచ్చేది. ఒక్కోసారి పది క్షణాలు, ఒక్కోసారి నిమిషం.

ఒకరోజు బస్సులో ఎదురు సీట్లో ఒక జంట కూర్చుంది. కాసేపటికి ఆ భార్య గొంతు పెంచింది.

"ఏంటమ్మా, మా ఆయనకి కన్ను కొడుతున్నావ్?"

బస్సంతా ఇటు తిరిగింది. "అయ్యో, జబ్బమ్మా" అని చెప్పబోయేసరికి రెండు కళ్ళూ ఒక్కసారే బిగుసుకుపోయాయి.

"పైగా సిగ్గుపడుతోంది చూడండి!"

ఎవరో కిసుక్కున నవ్వారు. తన స్టాపు ఇంకా రెండు స్టాపుల అవతలుండగానే తడుముకుంటూ దిగిపోయింది. దిగాక రోడ్డు దాటలేకపోయింది. లైటు స్తంభం పట్టుకుని నిలబడి, కళ్ళు తెరుచుకున్నప్పుడల్లా ఒక అడుగు ముందుకు వేయడం, మళ్ళీ మూసుకుపోగానే హారన్లకు బెదిరి వెనక్కి రావడం. ఎవరో ఆగి "ఏమైందండీ?" అని అడిగితే, "తల తిరుగుతోంది" అని అబద్ధం చెప్పింది. నిజం చెబితే నమ్మేలా లేదు మరి.

ఇంట్లోవాళ్ళు కూడా నమ్మలేదు. భర్త లిఫ్టులు బాగుచేసే మెకానిక్కు. నెమ్మదైన మనిషే గానీ ఆయన లెక్కలు ఆయనవి.

"ఏ యంత్రమైనా చెడిపోతే చెడిపోయినట్టే ఉంటుంది" అన్నాడు ఒక సాయంత్రం. "నువ్వేమో పార్లర్లో పొద్దస్తమానం బాగానే ఉంటావ్. గుమ్మంలోకి వచ్చేసరికి మొదలవుతుంది. మమ్మల్ని చూడాలని లేదా ఏంటి?"

నవ్వుతూనే అన్నాడు. ఆయన అన్నది నిజమే కదా! పళ్ళ మధ్య దారం ఉన్నంతసేపూ కళ్ళు తెరుచుకునే ఉండేవి. దారం తీశాక పావుగంట గడిచేసరికి పాత కథే. నేనే కావాలని చేస్తున్నానా అని ఆమెకే అనుమానం వచ్చింది. ఇంటి దగ్గరి డాక్టరూ అదే మాట వేరేలా అన్నాడు. "మనసులో ఏదో పెట్టుకుని కుమిలిపోతున్నారమ్మా. ఆలోచనలు తగ్గించండి." ఆయనిచ్చిన మాత్రలు వేసుకుంటే పగలంతా మత్తు. మత్తులోనూ రెప్పలు మాత్రం వాటి పని అవి చేసుకుపోయేవి.

అసలు దెబ్బ వర్షాకాలంలో తగిలింది. కాలేజీలో లెక్కలు చెప్పే టీచరమ్మ ఒకావిడ పదకొండేళ్ళుగా దారమక్క దగ్గరికే వచ్చేది. ఆ రోజు వచ్చేసరికి మర్నాడే ఆవిడ కూతురి పెళ్ళి. కుర్చీలో వాలి, రెండు వేళ్ళతో రెప్పను సాగదీసి పట్టుకుని, విడిదిలో గదులు చాలడం లేదని చెబుతోంది. కుడి కనుబొమ అయింది. ఎడమది సగంలో ఉండగా దారమక్క కళ్ళు మూసుకుపోయాయి. పళ్ళ మధ్య దారం ఉంది. అయినా మూసుకుపోయాయి. చేతులు మాత్రం ఆగలేదు. ఇన్నేళ్ళ అలవాటు, వాటంతటవే మరో రెండుసార్లు కదిలాయి.

బలవంతాన కళ్ళు తెరిచి చూసేసరికి కనుబొమ చివర చిటికెనవేలి గోరంత మేర నున్నగా ఉంది.

టీచరమ్మ అద్దంలో చాలాసేపు చూసుకుంది. అరవలేదు. "పెన్సిలుతో దిద్దుకుంటాలే" అంది. చీర సర్దుకుని, గొడుగు తీసుకుని, గుమ్మం దగ్గర ఒకసారి ఆగి, ఇంకేమీ అనకుండా వెళ్ళిపోయింది. తిట్టినా బాగుండేదని దారమక్కకు ఆ తర్వాత ఎన్నిసార్లు అనిపించిందో లెక్కలేదు. ఆ రోజే దారం రీలు తీసి సొరుగులో పడేసింది.

చెల్లెలు దారం పట్టింది. కానీ ఆ చెయ్యి వేరు. వచ్చినవాళ్ళు కుర్చీలో కూర్చున్నాక "అక్క లేదా?" అని అడిగేవారు. అక్క ఆ మూలే స్టూలు మీద కూర్చుని, కళ్ళు మూసుకుని వినేది.

అలా కూర్చున్న ఒక మధ్యాహ్నం పై అంతస్తు పళ్ళ డాక్టరమ్మ జుట్టు కత్తిరించుకోవడానికి దిగివచ్చింది. అద్దంలోంచి దారమక్కనే గమనిస్తూ, "ఆ అగ్గిపుల్ల ఎందుకు కొరుకుతున్నావ్?" అని అడిగింది.

"కొరికితే కాస్త కళ్ళు తెరుచుకుంటున్నాయి డాక్టరమ్మా. కణత మీద వేలు పెట్టి నొక్కినా తెరుచుకుంటాయి. అందరూ నాటకమంటున్నారు."

డాక్టరమ్మ మెడ చుట్టూ గుడ్డతోనే లేచి దగ్గరికొచ్చింది. "నాటకం కాదు. దవడలు ఇలాగే బిగుసుకుపోయేవాళ్ళు నా దగ్గరికి వస్తుంటారు. నువ్వు చూపించుకోవాల్సింది కళ్ళ డాక్టరుకి కాదు, నరాల డాక్టరుకి."

నరాల డాక్టరు వయసులో చిన్నవాడు. ఆమెను మాట్లాడమన్నాడు, నడవమన్నాడు, పాట పాడమన్నాడు. పాడుతుంటే కళ్ళు తెరుచుకున్నాయి. ఆపగానే మూసుకున్నాయి.

"దీన్ని బ్లెఫరోస్పాజమ్ అంటారమ్మా. మీ కళ్ళు బాగానే ఉన్నాయి. రెప్పలూ బాగానే ఉన్నాయి. మూసుకోమని మెదడు నుంచి వెళ్ళే ఆజ్ఞ అదుపు తప్పింది."

"నేను కావాలని చేస్తున్నది కాదు కదా?"

"కాదు."

"ఎందుకొచ్చింది?"

"చాలామందిలో కారణం తెలీదు."

"పోతుందా?"

"అదుపులో పెట్టే ప్రయత్నం చేద్దాం" అన్నాడు.

ఆ పేరును భర్త రెండుసార్లు చెప్పించుకుని బస్సు టికెట్టు వెనక రాసుకున్నాడు. బయట వరండాలో ఆమె మోచెయ్యి పట్టుకుని నడిపిస్తూ, "నేను ఏవేవో అన్నాను..." అని ఆగిపోయాడు.

"మీ మొహం ఎలా పెట్టారో నాకు కనబడ్డం లేదు" అంది ఆమె. "బాధపడ్డట్టే పెట్టారనుకుంటాలెండి."

మందు బొటాక్స్. ఆ మాట వినగానే ఆమెకు ఏడవాలో నవ్వాలో తెలియలేదు. ముడతలు పోతాయట కదా అని అడిగిన ఆడవాళ్ళను ఎంతమందిని "ఆ సూదుల జోలికి పోకండి" అని వారించిందో! చెల్లెలైతే "ఇంక నువ్వు నాకు చెల్లెలివైపోతావక్కా" అని ఆటపట్టించింది. బల్ల మీద పడుకోబెట్టి కళ్ళ చుట్టూ సన్నసన్న సూదులు గుచ్చారు. ఎన్ని వేలమంది ముఖాల మీదికి వంగిన మనిషో! తన ముఖం ఇంకొకరి చేతిలో ఇలా ఉండటం ఆమెకు అదే మొదటిసారి. పిడికిళ్ళు బిగించి పడుకుంది.

నాలుగు రోజులు ఏమీ తేడా లేదు. అయిదో రోజు పొద్దున లేచి, పళ్ళు తోముకుని, బట్టలు ఆరేసి, ఆఖరి బట్టకు క్లిప్పు పెడుతుండగా గుర్తొచ్చింది, ఇంతసేపూ కళ్ళు మూసుకోలేదని. కదిలితే పోతుందేమోనని అక్కడే నిలబడిపోయింది. భర్తను పిలిచి ఆయన ముఖం తనివితీరా చూసింది. ఆర్నెల్లలో ఆయన మీసం ఎంత నెరిసిపోయిందో అప్పుడే తెలిసింది.

ఎడమ రెప్ప రెండు వారాలు వాలిపోయి, నిద్రమొహంలా కనిపించింది. అదేం లెక్క కాదు. పది వారాలు ఆమె మనిషిలా తిరిగింది. పదకొండో వారం రెప్పలు మళ్ళీ అదరడం మొదలుపెట్టాయి. మూడు నెలలు నిండితే గానీ సూది వేయరు. త్వరత్వరగా వేస్తే ఒంట్లో మందు పనిచేయడమే మానేయవచ్చట. రెండోసారీ బాగానే పనిచేసింది. మూడోసారి ఆరు వారాలకే వదిలేసింది. "ఒక్కోసారి అలా అవుతుంది, మోతాదు మార్చి చూద్దాం" అన్నాడు డాక్టరు.

మంచి వారాల్లో మళ్ళీ దారం పట్టింది. టీచరమ్మ రాలేదు గానీ పాతవాళ్ళు కొందరు సంబరంగా వచ్చారు. కుర్చీలో మనిషి వాలాక దారమక్క పౌడరు అద్దింది, దారం మెలేసింది, వంగింది. కళ్ళు నిక్షేపంగా తెరుచుకుని ఉన్నాయి. చెయ్యి మాత్రం కనుబొమకు అంగుళం దూరంలో ఆగిపోయింది. ఇప్పుడు మూసుకుపోతాయా, ఇప్పుడా అని ఎదురుచూస్తూ ఉండిపోయింది. చేతులకు కళ్ళ మీద నమ్మకం పోయింది. దానికి ఏ సూదీ లేదు.

"ఏమైంది దారమక్కా?" అంది కుర్చీలోని ఆవిడ.

"ఏం లేదమ్మా. చెల్లెలు చేస్తుంది, ఉండు."

అప్పటి నుంచీ తల రుద్దే పని ఆమెది. దానికి కళ్ళతో పనిలేదు. చల్లని నీళ్ళు, నురగ, వేళ్ళ కింద ఎవరిదో తల. చేతిలో మహత్తు ఉందని మెచ్చుకునేవాళ్ళు. ఆమె "ఊఁ" అనేది. చెల్లెలి దారం పక్క కుర్చీలో సర్రుసర్రున ఆడుతుంటే ఏ వెంట్రుక తెగింది, ఏది జారింది చప్పుడును బట్టే తెలిసేది. చెప్పాలనిపించేది. చెప్పేది కాదు.

అయిదో సూదికి వెళ్ళే నాటికి ఆసుపత్రిలో మందు నిండుకుందని రెండు వారాలు వాయిదా వేశారు. ఆ రెండు వారాలూ ఆమె ఇల్లు దాటలేదు. ఎట్టకేలకు రమ్మన్న రోజున భర్త ఆమెను హాల్లో బెంచీ మీద కూర్చోబెట్టి, చీటీ కోసం వరుసలో నిలబడటానికి వెళ్ళాడు. పక్కన ఎవరో మగమనిషి గొంతు సవరించుకున్నాడు.

"రెప్పలేనా?" అని అడిగాడు. "ఇందాక మీ ఆయన మిమ్మల్ని నడిపించుకొస్తుంటే అడుగుల చప్పుడు విన్నాను. మా ఇంటావిడా నన్ను అలాగే తెస్తుంది."

ఈ జబ్బున్న ఇంకో మనిషి ఆమెకు తగలడం ఇదే మొదలు. గొంతు వచ్చిన వైపు జరిగి కూర్చుంది. "మీకు ఎన్నాళ్ళుగా అండీ?"

"పదమూడేళ్ళమ్మా. రేవులో క్రేను నడిపేవాణ్ణి. తెలిసిన రోజే దింపేశారు. తప్పు వాళ్ళది కాదులే."

ఆమె అడగాలా వద్దా అని తటపటాయించింది. పదమూడేళ్ళ మనిషి కన్నా ఎవరికి తెలుస్తుంది?

"అలవాటవుతుందా?"

హాల్లో ఎవరిదో పేరు పిలిచారు. ఎక్కడో తలుపు కిర్రుమంది.

"లేదమ్మా" అన్నాడు. తర్వాత, మాట మరీ గట్టిగా తగిలిందనుకున్నాడేమో, "ఇందాకట్నుంచీ మీరెలా ఉంటారో చూద్దామని తంటాలు పడుతున్నాను, కుదరడం లేదు" అని నవ్వాడు.

ఆమె కణత మీద వేలు పెట్టి గట్టిగా నొక్కింది. ఎడమ రెప్ప సన్నని సందు ఇచ్చింది. అందులోంచి ఆయన మోకాళ్ళు, వాటి మీద పెట్టుకున్న పెద్దపెద్ద చేతులు కనిపించాయి. తల ఎత్తి ముఖం చూసేలోగా మూసుకుపోయింది.

"మన నంబరు వచ్చింది, లే" అంటూ భర్త వచ్చి ఆమె మోచెయ్యి పట్టుకున్నాడు.